మూడో ఉత్తరం దగ్గర ఆగింది

కుర్చీ ఇలా లాక్కుని నా పక్కన కూర్చోండి, ఫ్యాను గాలి ఇటువైపే వస్తుంది. ఇది విజయవాడ సత్యనారాయణపురం, 2003 మే నెల. రాత్రి ఏడున్నర దాటినా గోడల సెగ తగ్గలేదు. ముందుగదిలో కిటికీ పక్కన బల్ల, బల్ల మీద కంప్యూటర్. మానిటర్‌కి పూలగుడ్డతో కుట్టించిన ముసుగు, సీపీయూకి అదే గుడ్డతో ఇంకొకటి, కీబోర్డు మీద ఉతికిన తువ్వాలు. ఆ ముసుగులు తియ్యడం, మడత పెట్టడం ఈ ఇంట్లో మాస్టారి పని. ఇంకొకరు చెయ్యి వేస్తే ఊరుకోరు.

మాస్టారు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. పెద్దబ్బాయి డాలస్‌లో ఉంటాడు. కిందటి నెల మనవడు పుట్టాడు. "ఫోటోలు మెయిల్ చేశా నాన్నా" అని కొడుకు ఫోన్లో చెప్పి పది రోజులు దాటింది. ఫోటోలు రాలేదు సరికదా, ఆనాటి నుంచి కొత్త మెయిల్ ఒక్కటీ లేదు.

"షాపు కుర్రాడు వచ్చి చూశాడోయ్. వైరసన్నాడు. ఫార్మాట్ కొట్టేద్దాం సార్ అన్నాడు," అంటారు మాస్టారు తువ్వాలు దులుపుతూ. "మరి పాత ఉత్తరాలో అంటే, పోతాయి సార్ అన్నాడు. రేపు రావయ్యా అని పంపించేశా."

మంచి పని చేశారు. ఈ ఊళ్లో షాపులవాళ్లు ఏ కంప్యూటర్‌కైనా ముందు చెప్పేది అదే. మనం ఆ జోలికి పోవద్దు.

ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ తెరుస్తున్నా, ఇన్‌బాక్స్ చూడండి. పై నుంచి కింది దాకా రెండే ఉత్తరాలు మార్చి మార్చి కనిపిస్తున్నాయా? ఒకటి పెన్షనర్ల సంఘం మీటింగ్ కబురు. రెండోది హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడు పంపిన జోకు. మళ్లీ మీటింగ్, మళ్లీ జోకు. మాస్టారికి ఇది చికాకు. నాకు మాత్రం ఇక్కడే సగం జబ్బు తెలిసిపోయినట్టుంది. మెయిల్ అసలు రాకపోవడం వేరు, ఉన్నవే మళ్లీ మళ్లీ రావడం వేరు. పాస్‌వర్డ్ తప్పయితే ఆ జోకు ఒక్కసారి కూడా దిగదు.

నెట్ కలుపుతున్నా. మోడెం నంబరు కొట్టింది. కీచుమంది, గరగరలాడింది, ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినట్టు ఆగి మళ్లీ బుసకొట్టింది. గడియారం పక్కన రెండు చిన్న మానిటర్ల బొమ్మ వెలిగింది. 44 కేబీపీఎస్. ఈ వీధి లైనుకి ఇది మంచి రోజే. బ్రౌజర్లో ఒక పేజీ తెరిస్తే నింపాదిగా వచ్చింది. అంటే ఫోను లైను, మోడెం, నెట్ మూడూ బాగానే ఉన్నాయి.

ఇప్పుడు సెండ్-రిసీవ్ నొక్కుతున్నా. చిన్న కిటికీ వచ్చింది. 11లో ఒకటో మెసేజ్, టక్కున దిగింది. రెండోది, అదీ దిగింది. మూడోది...

ఆగింది. నీలం గీత కదలడం లేదు. మోడెం దీపాలు చూడండి, అవి మాత్రం మిణుకుమిణుకుమంటూనే ఉన్నాయి. ఏదో వస్తోంది, కానీ ఔట్‌లుక్‌కి అందడం లేదు. నిమిషం గడవగానే ఒక పెట్టె లేచింది: సర్వర్ 60 సెకన్లుగా జవాబివ్వడం లేదు, ఇంకో 60 సెకన్లు ఆగమంటారా? కింద రెండు మీటలు, వెయిట్, స్టాప్.

"ఇదే వస్తుందోయ్ రోజూ. ఫోను బిల్లు ఎక్కుతుందని నేను స్టాప్ కొట్టేస్తా," అంటారు మాస్టారు. అని, నేను వద్దనేలోపే స్టాప్ కొట్టేశారు కూడా. ఎర్రగుర్తుతో తప్పు నంబరు పడింది, 0ఎక్స్800సిసిసి19. అంటే టైం అయిపోయింది, అంతే. ఆగకుండా ఆయనే మళ్లీ సెండ్-రిసీవ్ నొక్కారు. ఈసారి ఇంకో పెట్టె: యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఇవ్వండి.

"అదుగో! పాస్‌వర్డ్ మారిపోయింది. నే చెప్పలా?"

లేదు మాస్టారూ. ఈ పెట్టెని నమ్మి ఎంతమంది ఉన్న పాస్‌వర్డ్ మార్చుకుని కొత్త తిప్పలు తెచ్చుకున్నారో! మెయిల్ దింపుకునే ఈ పద్ధతి పేరు పోస్ట్ ఆఫీస్ ప్రోటోకాల్, క్లుప్తంగా పాప్. మొదటి రూపం 1984లో వచ్చింది. ఇప్పుడు వాడేది మూడోది, 1996 మేలో ఆర్ఎఫ్‌సీ 1939 అనే పత్రంలో రాసిపెట్టిన నియమాలతో నడుస్తుంది. ఒకసారి లోపలికి ఎవరైనా వెళితే మెయిల్‌పెట్టెకి తాళం పడుతుంది. వాళ్లు చెప్పి బయటికొస్తే సర్వర్ తాళం తీస్తుంది. మాటామంతీ లేకుండా లైను తెగిపోతే, లోపలున్నవాడు ఇంకా ఉన్నాడనుకుని సర్వర్ ఎదురుచూస్తుంది. ఎదురుచూపుకి గడువు పెట్టుకునే సర్వర్ కనీసం పది నిమిషాలు ఆగాలని నియమం. ఈలోగా మనం మళ్లీ తలుపు తడితే కుదరదంటుంది. ఎందుకు కుదరదో ఔట్‌లుక్ పట్టించుకోదు. లోపలికి రానివ్వలేదు కాబట్టి పాస్‌వర్డ్ తప్పై ఉంటుందని ఆ పెట్టె మన మొహాన పెడుతుంది.

జోకు పదేపదే రావడానికి కారణమూ అక్కడే ఉంది. ఉత్తరం దించుకున్నాక ఔట్‌లుక్ సర్వర్‌కి 'డిలీట్' అని చెబుతుంది. సర్వర్ దానికి గుర్తు పెట్టుకుంటుందే గానీ వెంటనే చెరపదు. చివర్లో 'క్విట్' అని సెలవు తీసుకున్నప్పుడే గుర్తు పెట్టినవన్నీ నిజంగా చెరుపుతుంది. మధ్యలో లైను తెగితే ఆ గుర్తులకి విలువ లేదు. ఈ నియమం పెట్టినవాళ్లకి దండం పెట్టాలి. లేకపోతే తెగిన ప్రతిసారీ ఎన్నో కొన్ని ఉత్తరాలు గాల్లో కలిసిపోయేవి. రెండుసార్లు వచ్చిన జోకుని భరించొచ్చు, అసలు రాని ఉత్తరాన్ని ఎక్కడని వెతుకుతాం?

పిన్నిగారు, అంటే మాస్టారి భార్య, మజ్జిగ తెచ్చారు. తీసుకోండి, నిమ్మాకు వేశారు. తాళం తియ్యడానికి ఎలాగూ కాస్త ఆగాలి. "ఈసారైనా పిల్లాడి మొహం చూపిస్తారా, లేక మీటింగేనా?" అని ఆవిడ నన్నే అడుగుతున్నారు. మాస్టారు వినపడనట్టు కళ్లజోడు తుడుచుకుంటున్నారు.

గ్లాసు పక్కన పెట్టండి, ఇప్పుడు చూడాల్సింది ఉంది. ఔట్‌లుక్ మూసేశా. స్టార్ట్, రన్, సీఎండీ. నల్ల కిటికీ. అందులో టెల్‌నెట్ అని కొట్టి, ఖాళీ వదిలి సర్వర్ పేరు, మళ్లీ ఖాళీ వదిలి 110. అది పాప్ గుమ్మం నంబరు. ఎంటర్.

తెర మొత్తం నల్లబడి, పైన ఒక్క పంక్తి వచ్చింది: ప్లస్ ఓకే. సర్వర్ పలికింది. ఇక ఔట్‌లుక్ చెప్పే మాటలే మనం చేత్తో చెబుదాం. యూజర్ అని పేరు కొడుతున్నా. తెర మీద ఏమీ పడటం లేదని కంగారు పడకండి. ఈ కిటికీలో మనం కొట్టింది మనకి కనపడదు, జవాబు మాత్రమే కనపడుతుంది. కళ్లు మూసుకుని టైపు కొట్టడమే. తప్పు కొట్టి బ్యాక్‌స్పేస్ నొక్కితే అది కూడా ఒక అక్షరమై సర్వర్‌కి చేరుతుంది, అందుకే నిదానంగా కొడుతున్నా. ప్లస్ ఓకే. మాస్టారు చెవిలో చెప్పిన పాస్‌వర్డ్ కొట్టా. ప్లస్ ఓకే.

"పాస్‌వర్డ్ మారలేదన్నమాట," అన్నారు మాస్టారు. మారలేదు.

స్టాట్. జవాబు: 11, 4234190. పదకొండు ఉత్తరాలు, మొత్తం నలభై రెండు లక్షల ముప్పై నాలుగు వేల పైచిలుకు బైట్లు. ఇప్పుడు లిస్ట్. చకచకా పంక్తులు పడ్డాయి. ఒకటో ఉత్తరం 2140. రెండోది 3876. మూడోది 4207331. నాలుగోది 1902. మిగతావన్నీ వేలల్లోనే ఉన్నాయి.

"ఆగాగు. మూడోది లక్షల్లో ఉందే?" లెక్కల మాస్టారి వేలు మానిటర్ అద్దానికి ఆనింది.

అదే మన దొంగ. సన్న సందులో పెళ్లివారి బస్సు ఇరుక్కుంటే వెనకాల సైకిలు కూడా పోదు చూడండి, అలా ఉంది. పాప్‌లో ఏ ఉత్తరాన్నయినా నంబరు చెప్పి అడగొచ్చు, సర్వర్‌కి అభ్యంతరం లేదు. ఔట్‌లుక్ మాత్రం వరసలోనే దించుతుంది. మూడు దిగితేనే నాలుగు.

దాన్ని పూర్తిగా దించకుండా తొంగిచూసే మాట ఒకటుంది, టాప్. టాప్ 3 25 అన్నా, అంటే మూడో ఉత్తరం తలకట్టు, కింద పాతిక పంక్తులు. చూడండి. ఏ ఊళ్ల సర్వర్ల మీదుగా వచ్చిందో ఆ ముద్రలన్నీ మొదట. తర్వాత పంపినవారు, మాస్టారి పెద్దబ్బాయి. విషయం, బాబు ఫోటోలు. దాని కింద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు: నాన్నా, నాలుగు ఫోటోలు పంపుతున్నా, అమ్మకి చూపించు, చెవులు తాతయ్యవే అంటున్నారు ఇక్కడందరూ.

మాస్టారు ఆ పంక్తులు రెండుసార్లు పైకి చదివారు. పిన్నిగారు వచ్చి వెనక నిలబడ్డారు. ఆవిడ చూపు ఉత్తరం కింద మొదలైన గజిబిజి మీద పడింది. "ఇదేమిటి నాయనా, ఈ పిచ్చిరాతలు?"

అదే మీ మనవడు పిన్నిగారూ. స్లాష్, 9, జే, స్లాష్ అని మొదలైంది చూడండి. మెయిల్లో జేపెగ్ ఫోటో ఏదైనా ఈ నాలుగు అక్షరాలతోనే మొదలవుతుంది. మెయిల్ పుట్టినప్పుడు అక్షరాలు మొయ్యడానికే పుట్టింది, బొమ్మలు దానికి తెలియవు. అందుకని బేస్64 అనే పద్ధతిలో ఫోటోని అక్షరాలుగా మార్చి పంపుతారు. మూడు బైట్లకి నాలుగు అక్షరాలు, పైగా ప్రతి పంక్తి చివరా రెండు.

మాస్టారు పాత డైరీ తీసి పెన్సిలుతో మొదలెట్టారు. ముప్పై లక్షల పైచిలుకు బైట్ల ఫోటోలు, మూడింట ఒక వంతు కలిపితే నలభై దాటింది, పంక్తి చివర్లు కలిపితే నలభై రెండు. "సరిపోయింది! ఇక 44 వేల బిట్లని ఎనిమిదితో భాగించు, అయిదున్నర వేలు. నీ లైను దరిద్రానికి అయిదు వేలనుకో. నలభై రెండు లక్షలని అయిదు వేలతో... ఎనిమిది వందల నలభై సెకన్లు. పద్నాలుగు నిమిషాలు!" నిజం చెప్పాలంటే ఈ సాయంత్రం ఆయన మొహంలో మొదటిసారి వెలుగు చూస్తున్నా.

మరి పద్నాలుగు నిమిషాల ఉత్తరం ఒక్క నిమిషానికే ఎందుకు చచ్చింది? గడియారం పక్కన ఇంకో బొమ్మ ఉంది చూడండి, యాంటీవైరస్. అది సర్వర్‌కీ ఔట్‌లుక్‌కీ మధ్య కూర్చుంది. ఉత్తరం మొత్తం తాను మింగి, సోదా చేసి, ఆ తర్వాతే ఔట్‌లుక్‌కి ఇస్తుంది. చిన్న ఉత్తరమైతే తేడా తెలియదు. దీన్ని పద్నాలుగు నిమిషాలు మింగాలి, ఔట్‌లుక్ ఓపిక ఒక్క నిమిషం. మోడెం దీపాలు వెలుగుతున్నా గీత కదలకపోవడానికి అర్థం అది. వెయిట్ నొక్కుతూ పోతే ఎప్పుడో దిగేదే. కానీ బిల్లు కట్టే మనిషి పద్నాలుగుసార్లు వెయిట్ నొక్కుతాడా?

క్విట్ అని మర్యాదగా బయటికొచ్చేశా. ముందు వెనకున్నవాటికి దారివ్వాలి. ఔట్‌లుక్ తెరిచి టూల్స్, మెసేజ్ రూల్స్, మెయిల్. సైజు 500 కేబీ మించితే సర్వర్ నుంచి దించుకోవద్దు, అని ఒక నియమం. ఓకే. సెండ్-రిసీవ్.

మీటింగ్, జోకు ఆఖరిసారి దిగాయి. మూడోదాన్ని దాటేసింది. నాలుగు, అయిదు, ఆరు, జలజలా పదకొండు దాకా. మాస్టారు ఒక్కొక్కటే తెరుస్తున్నారు. ఏడో ఉత్తరం దగ్గర ఆయన గొంతు మారింది. గుంటూరు నుంచి, చిన్నమ్మాయికి అనుకుంటున్న సంబంధం తాలూకు పెద్దమనిషి రాసింది: ఈ ఆదివారం మేము నలుగురం వస్తున్నాం, మీకు వీలు కాకపోతే తెలియజేయండి.

"ఏ ఆదివారం?" పిన్నిగారు.

తేదీ చూస్తే పోయిన ఆదివారం. ఆ రోజు ఇంటిల్లిపాదీ మంగళగిరి వెళ్లారట. ఇంటికి తాళం. ఇకమీద ఈ గదిలో రెండు నిమిషాలు జరిగింది రాయడం నాకు మర్యాద కాదు. మాస్టారు లేచి ఫోను దగ్గరికి పరుగెత్తబోతే ఆపాను, లైను మన మోడెం దగ్గరుంది. నెట్ తీసేశాక ఆయన గుంటూరుకి కలిపి, "చెబితే నమ్మరు బావగారూ, కంప్యూటర్..." అని మొదలెట్టారు. అవతల నవ్వు ఇక్కడిదాకా వినిపించింది. బావగారూ అని ముందే పిలిచేశారేమిటని పిన్నిగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

ఇక ఫోటోలు. రాత్రి పదిన్నర, ఈ వేళప్పుడు ఫోన్లు రావు. నియమానికి ఉన్న టిక్కు తీసేశా. అకౌంట్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ పేజీ, సర్వర్ టైమౌట్ జరుపుడుబద్దని ఒక నిమిషం నుంచి చివర ఉన్న అయిదు నిమిషాల దాకా లాగా. యాంటీవైరస్‌లో మెయిల్ సోదా వరకు ఆపా. పంపినవాడి పేరు కొడుకుదే అయినంత మాత్రాన నమ్మకూడదు. క్లెజ్ లాంటి పురుగులు తెలిసినవాళ్ల పేర్లే తగిలించుకుని ఊళ్లు తిరుగుతున్నాయి. కానీ అవి వంద కిలోబైట్ల అటూ ఇటూ ఉండే సరుకు, నలభై రెండు లక్షలు కాదు. పైగా కొడుకు ఫోన్లో చెప్పే పంపాడు. ఫైలు తెరిచేటప్పుడు చూసే కాపలా ఎలాగూ అలాగే ఉంది.

ఇంకొక్క పని. పడకగదిలో పేరలల్ ఫోను ఉంది కదా, దాని పిన్ను గోడలోంచి పీకి రండి. ఎవరైనా అలవాటుగా రిసీవర్ ఎత్తారా, మోడెం అక్కడికక్కడే తెగిపోతుంది.

సెండ్-రిసీవ్. ఈసారి నీలం గీత కదులుతోంది, చీమ నడిచినట్టే అనుకోండి, అయినా కదులుతోంది. మాస్టారు చేతిగడియారం విప్పి బల్ల మీద పెట్టుకున్నారు. సందులో ఐస్‌క్రీం బండి గంట కొట్టుకుంటూ పోయింది. కరెంటు ఒక్కసారి కునుకు తీస్తే యూపీఎస్ కుయ్యిమంది, గది మొత్తం శ్వాస ఆపింది, మళ్లీ వచ్చింది. గీత చివరికంటా వెళ్లి మాయమైంది. "పదమూడు నిమిషాల నలభై సెకన్లు," అన్నారు మాస్టారు గెలిచినట్టు.

తెరిచాం. తెర చిన్నది, ఫోటో పెద్దది. మొదట కనిపించింది తలగడ అంచు. పక్కకి జరిపితే దుప్పటి మీద ఎలుగుబంటి బొమ్మలు. "మొహమేదిరా?" అంటున్నారు పిన్నిగారు. ఇంకాస్త కిందికి, ఇంకాస్త కుడికి. చెవి వచ్చింది. ముందు చెవే వచ్చింది. "మా మావగారివి! ఈయనవి కావు," అని పిన్నిగారు తేల్చేశారు. మాస్టారు తన చెవి తడుముకుని చూసుకున్నారు. ఆ తర్వాత గానీ మొహం రాలేదు.

ఇదంతా ఇరవై ఏళ్ల పైమాట. ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ కాలం ముగిసింది. మోడెం కూత మీ పిల్లలకి తెలియదు. పాప్ మాత్రం బతికే ఉంది. గుమ్మం నంబరు 110 బదులు 995, మాటలన్నీ ఇప్పుడు ఎన్‌క్రిప్షన్ చాటున నడుస్తాయి. అందుకే మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయి కంప్యూటర్ తేదీ ఏళ్లు వెనక్కి పోయినా మెయిల్ ఆగిపోతుంది, సర్టిఫికెట్ ఇంకా పుట్టలేదనుకుంటుంది కాబట్టి. జీమెయిల్ నిండినా ఆగుతుంది. ఫోటోలకీ డ్రైవ్‌కీ మెయిల్‌కీ కలిపి ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, అది నిండితే కొత్త ఉత్తరం లోపలికే రాదు.

పాస్‌వర్డ్ అడిగే ఆ పెట్టె కూడా పోలేదు. 2022 మే 30 నుంచి గూగుల్ వ్యక్తిగత ఖాతాలకి మామూలు పాస్‌వర్డ్‌తో బయటి ప్రోగ్రాములని రానివ్వడం మానేసింది. థండర్‌బర్డ్ లాంటివాటిలో ఓఆథ్ పద్ధతి ఎంచుకుని గూగుల్ పేజీలోనే లాగిన్ కావాలి. లేదా టూ-స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకుని 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి. ఇవి రెండూ చెయ్యకుండా బ్రౌజర్లో పనిచేసే పాస్‌వర్డ్‌నే ఎన్నిసార్లు కొట్టినా ఆ పెట్టె మళ్లీ మళ్లీ లేస్తుంది.

మీ ఇంట్లో పెద్దవాళ్ల మెయిల్ ఆగితే, పాస్‌వర్డ్ మార్చే ముందు బ్రౌజర్లో వెబ్‌మెయిల్ తెరిచి చూడండి. ఉత్తరం అక్కడ ఉందంటే వెతకాల్సింది ఇంటి కంప్యూటర్లో. అక్కడా లేకపోతే స్పామ్ ఫోల్డర్ చూసి, పంపినవాళ్లకి ఫోన్ చెయ్యండి. షాపు మనిషి వచ్చి ఫార్మాట్ మాట ఎత్తితే మాత్రం, మెయిల్ ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ అయ్యేదాకా కీబోర్డు ఆయన చేతికివ్వకండి. సర్వర్‌లో కాపీ ఉంచమని సెట్టింగుల్లో చెప్పకపోతే, పాప్‌లో దిగిన ఉత్తరం ఆ ఒక్క హార్డ్ డిస్కులోనే ఉంటుంది.